డూపు బుచ్చమ్మగారు

ఫైట్ మాస్టర్ కాశీవిశ్వనాథం అంటే ఫిల్మ్ నగర్‌లో బండరాళ్లకు కూడా తెలుసు. తెలియక ఏం చేస్తాయి పాపం, వాటిలో సగం ఆయన దూకినవే. మద్రాసులో ఉన్నన్నాళ్లూ పెద్ద పెద్ద హీరోలకు డూపు చేశాడు. మేడ మీంచి పడేది ఈయన, లేచి దుమ్ము దులుపుకుని హీరోయిన్ వంక చూసి నవ్వేది హీరో. తర్వాత తనే మాస్టరై, సినిమావాళ్ల వెనకే హైదరాబాదు చేరి, కొండవాలున రాళ్ల మధ్య ఒక డాబా వేసుకున్నాడు. ఒంట్లో విరగని ఎముక లేదు. మనిషికి భయపడ్డ పాపాన పోలేదు. అలాంటివాడు తొంభై మూడో సంవత్సరం శ్రావణంలో ఒక ఆడమనిషికి జడిసి, కూతురి పురుటింట్లో నిలువెత్తు అబద్ధం ఆడి కూర్చున్నాడు.

ఆ ఆడమనిషి ఎవరో కాదు, వియ్యపురాలు జగదాంబగారు. తణుకు మనిషి. ఆవిడ గొంతెత్తి మాట్లాడగా ఎవరూ వినలేదు. ఎత్తాల్సిన అవసరం ఆవిడకు ఎప్పుడూ రాలేదు.

సంగతేమిటంటే, కాశీవిశ్వనాథం ఒక్కగానొక్క కూతురు బాలాత్రిపురసుందరికి తొలి కాన్పు. తొలి కాన్పు పుట్టింటివాళ్లది, అందులో తిరుగులేదు. కానీ పుట్టిల్లంటే అమ్మ కదా. బాల తల్లి ఈ పిల్ల పలకాబలపం పట్టిన ఏడే కన్ను మూసింది. అప్పట్నుంచి అమ్మా నాన్నా అన్నీ ఈయనే. రిబ్బను పళ్ల మధ్య బిగించి పట్టుకుని రెండు జడలు వేసి బడికి పంపినవాడు. కూతుర్ని బ్యాంకు ఉద్యోగి సుబ్రహ్మణ్యానికిచ్చి చేశాక, శ్రీనగర్ కాలనీ ఎంత దూరమని, ఊ అంటే వెళ్లి రావచ్చు అనుకున్నాడు. వెళ్లినప్పుడల్లా కూతురు కాఫీ తెచ్చిచ్చి 'ఉండండి నాన్నా' అంటుంటే చుట్టంలా కూర్చుని వచ్చేవాడు. ఆ చుట్టరికం ఆయనకు గొంతు దిగేది కాదు.

అందుకే ఈ పురుడు కోసం కళ్లు కాయలు కాచేలా చూశాడు. మూడో నెల వచ్చేదాకా కూతురూ, దాని బిడ్డా తన ఇంట్లో ఉంటారు. ఇది దాటితే మళ్లీ అంతకాలం ఉండే అదృష్టం లేదు. మలి కాన్పు అత్తారింటిది. షూటింగులన్నీ అసిస్టెంట్ జంగయ్యకు అప్పగించి, తూర్పు గదికి సున్నం వేయించి, పాతబస్తీ వెళ్లి నీళ్లు కాగే రాగి అండా కొనుక్కొచ్చి సిద్ధంగా ఉన్నాడు.

బంజారా హిల్స్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో ఆడపిల్ల పుట్టింది. జగదాంబగారు మనవరాల్ని చూసి, ముక్కు తమ వాళ్లదేనని తేల్చుకుని, సంతోషపడి, అప్పుడు వియ్యంకుడి వైపు తిరిగింది.

"అన్నయ్యగారూ, పిల్లకి నీళ్లు పోసేదెవరు?"

"నేనున్నాను కదా చెల్లెమ్మగారూ."

"మీరుంటారు, నాకు తెలుసు. నీళ్లు పోసేదెవరు అని అడుగుతున్నాను."

 ఆవిడ మెల్లగానే చెప్పింది. "పచ్చి బాలింత. తల్లి లేని పిల్ల. ఇంట్లో ఆడదిక్కు లేకుండా ఎలాగండీ? నేను ఊరెళ్లి, పురుడు వేడుక నాటికి వస్తాను. పద్ధతి తెలిసిన ఆడమనిషి మీ ఇంట్లో కనిపించిందా, మూడో నెల దాకా మీ దగ్గరే ఉంచుకోండి. లేదంటే ఆ రోజే ఇద్దర్నీ శ్రీనగర్ కాలనీ తీసుకుపోతాను. తప్పుగా అనుకోకండి."

తప్పుగా అనుకోవడానికి ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది. అదే ఆయన బాధ.

నర్సింగ్ హోమ్‌లో బాలను చూసుకున్న నర్సు మంజులత మధురానగర్‌లో ఉండేది. ఇంటికెళ్లాక కుట్లు చూడ్డానికీ, జ్వరం ఉందో లేదో చూసి పాలు పట్టించడానికీ కొన్నాళ్లపాటు రోజూ పొద్దున కాసేపు వస్తానని ఒప్పుకుంది. మొదటి రోజు ఆ రాళ్లెక్కి వచ్చి, ఆయాసపడుతూ మెట్టు మీద కూలబడి, "సార్, గీ ఇల్లు గట్టినోనికి ఆటోలెక్కుతయో లేదో సూసే తెలివి లేకుండెనా?" అని అడిగింది. కట్టినవాడు ఎదురుగానే నించున్నాడు. ఎదుట ఎవరున్నా సరే, ఆమె నోరు జడిసేదే కాదు.

ఆయన ఆమెనే బతిమాలుకున్నాడు. "సిస్టరమ్మా, ఆ నీళ్లు పోయడం కూడా నువ్వే చూడు తల్లీ."

"నేను డ్యూటీకి పోవద్దా? ఒక్క దినమా, రెండు దినాలా? మూడు నెలలు దినాం నేనేడ రావాలె. మీరే నేర్సుకోండ్రి."

"నేనా?"

"మీకేమాయె. చేతులు లేవా?"

ఆయన ఆ సాయంత్రమే సాధన మొదలుపెట్టాడు. మర్నాడు మంజులత వచ్చేసరికి పెరట్లో పీట వేసుకుని, కాళ్లు చాపుకుని, వాటి మీద గడ్డి బొమ్మనొకదాన్ని పడుకోబెట్టి చెంబుతో నీళ్లు పోస్తున్నాడు. ఆమె కొంచెంసేపు చూసింది.

"సార్, గిది లోయలకు ఇసిరేసే బొమ్మ గదా?"

"అవునమ్మా. షూటింగుది."

"ముందుగాల దీన్ని పట్టుకునే అలవాటు మర్సిపోండ్రి."

ఆ తర్వాత అసలు పిల్లనే తెచ్చి కాళ్ల మీద పెట్టింది. మూడంతస్తుల మీంచి దూకేటప్పుడు వణకని మనిషి గడగడా వణికాడు. పాప ఏడిస్తే తనూ ఏడుపు మొహం పెట్టాడు. కుడి మోకాలు ఏనాడో గుర్రం మీంచి పడి విరిగింది, పూర్తిగా చాపడం కుదరదు. మంజులత దాని కింద దుప్పటి మడతపెట్టి ఎత్తు చేసింది. నీళ్ల వేడి మోచేత్తో చూడమంది. ఫైటర్లకు నూనె రాసిన చేతులు కదా, అలవాటుకొద్దీ పిల్ల తొడలు గట్టిగా పట్టబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చింది. "రెండు వేళ్లు సాలు సార్. కుస్తీకి పంపుతున్నరా?" చెవుల్లో, ముక్కుల్లో నూనె పోయకూడదనీ, బొడ్డు మీద ఏ పొడీ వేయకుండా పొడిగా ఉంచితే అదే రాలిపోతుందనీ చెప్పింది. కొన్నాళ్లు గడిచేసరికి ఆయన చేతుల్లో పాప నీళ్లు పోస్తుండగానే కునుకు తీయడం నేర్చుకుంది. ఆ రోజు ఆయన జంగయ్యను పిలిచి చూపించి, మాట్లాడితే చంపుతానన్నాడు.

బాల పథ్యం దగ్గర మాత్రం గొడవైంది. వెల్లుల్లి కారం, పాతబియ్యం అన్నం దాకా బాగానే ఉంది. బాలింతకు మంచినీళ్లు ఎక్కువ ఇవ్వకూడదని ఎవరో చెప్పారని ఈయన చెంబు దాచేశాడు. మంజులత ఆ చెంబు వెతికి తెచ్చి, నిండా నీళ్లు పోసి బాల చేతికిచ్చింది. "తల్లికి నీళ్లియ్యకుంటే బిడ్డకు పాలేడికెల్లి వస్తయి సార్? మీ ట్యాంకరొస్తేనే గదా మీ నల్లాల నీళ్లొచ్చేది." ఫిల్మ్ నగర్‌లో నీళ్ల కరువు తెలిసినవాడికి అంతకంటే చెప్పక్కర్లేదు.

ఒకరోజు బాల ఏ కారణం లేకుండా పొద్దుట్నుంచీ ఏడుస్తూ కూర్చుంది.  అమ్మ లేకపోబట్టే కదా అనుకుని ఆయన వియ్యపురాలికి అప్పుడే కబురు పెడదామా అన్నంత దూరం వెళ్లాడు. మంజులత వచ్చి జ్వరం చూసి, రొమ్ములు చూసి, బయటికొచ్చి చెప్పింది. "ఏం ఫికర్ లేదు సార్. కాన్పయినంక అందరికి గిట్లనే అయితది. తల్లులున్నోళ్లు సుత ఏడుస్తరు. ఇట్లనే చాన్నాళ్లుంటే నాకు జెప్పుండ్రి, డాక్టరమ్మకు చూపిద్దాం. ఇప్పుడైతే పోయి పక్కకు కూసోండ్రి, గంతే."

వెళ్లి పక్కన కూర్చున్నాడు. బాల పుట్టినప్పుడు తను మద్రాసులో హీరో బదులు నీళ్లలో మునిగి ఉన్నాననీ, పైకి తేలేసరికి ఒడ్డున ప్రొడక్షన్ మేనేజరు 'ఆడపిల్ల' అని కేకేశాడనీ, ఆ సంతోషంలో మళ్లీ మునిగాననీ చెప్పాడు. బాల ఏడుస్తూనే నవ్వింది.

ఇంత చక్కగా సాగుతున్న కాపురానికి చిచ్చు పెట్టింది టెలిఫోను.

ఒక సాయంత్రం తణుకు నుంచి జగదాంబగారి ఫోను. కుశలాలయ్యాయి. "నీళ్లెవరు పోస్తున్నారు అన్నయ్యగారూ?"

నేనే అందామనే నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి "బుచ్చమ్మగారండీ" అని వచ్చింది. "మా దూరపు మేనత్త. పాలకొల్లు నుంచి వచ్చింది."

"పోన్లెండి, నా మనసు కుదుటపడింది" అందావిడ. నిజంగానే కుదుటపడ్డట్టుంది గొంతు.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఈయన అతకడంతో ఆగలేదు, మేడలే కట్టాడు. ఫోనొచ్చినప్పుడల్లా బుచ్చమ్మ పెరిగింది. తొమ్మిది కాన్పులైన మనిషన్నాడు. ఆవిడ చేతి నీళ్లు పోసుకున్న పిల్లలు ఇంజనీర్లయ్యారన్నాడు. పక్కనుంచి వింటున్న బాల తల పట్టుకుంది. "నాన్నా, రేపు అత్తయ్యగారొస్తే బుచ్చమ్మగార్ని ఎక్కణ్ణుంచి తెస్తారు?"

ఈ ప్రశ్నకు జవాబు జంగయ్య చెప్పాడు. "బుచ్చమ్మ లేకుంటే ఏమాయె మాస్టర్, అమ్మాజీ లేదా?"

అమ్మాజీ జూనియర్ ఆర్టిస్టు. కృష్ణానగర్‌లో ఉంటుంది. సహజంగా నెరిసిన జుట్టు, బుగ్గన చొట్ట, చూడగానే కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించే మొహం. ఎందరు హీరోలకు నాయనమ్మ అయిందో లెక్కలేదు. తెర మీద ఎన్ని పసికందులకు నీళ్లు పోసిందో, ఎన్ని ఉయ్యాలలు ఊపిందో.

మంజులత వింటూనే మొహం ముడుచుకుంది. "గీ డ్రామాలెందుకు సార్? ఉన్నది ఉన్నట్టు జెప్పుండ్రి. మీరు మంచిగ పోస్తున్నరు."

"మగాడు పోస్తున్నాడంటే ఆవిడ ఆ నిమిషమే తీసుకుపోతుందమ్మా."

"నాయంతట నేనైతే జెప్ప. ఆమె అడిగితే మాత్రం అబద్ధమాడ. మీ ఇష్టం ఇగ."

బతుకంతా హీరోలకు డూపు చేసిన మనిషి, తన పనికి తనే డూపును కుదుర్చుకున్నాడు. చేసేది తను, పేరు వేరేవాళ్లదంటే ఆయనకు వింతగా తోచలేదు. అలవాటైన వ్యవహారమే.

అమ్మాజీ వచ్చి పాత్ర గురించి అడిగింది. "మొగుడున్నాడా, పోయాడా? బొట్టు పెట్టుకోవాలా, వద్దా?"

"ఉన్నాడు. పెట్టుకో."

"దగ్గు?"

"దగ్గెందుకు?"

"ముసలమ్మ అన్నాక దగ్గుంటే బాగుంటుంది మాస్టారూ."

"పసిపిల్ల దగ్గర దగ్గొద్దమ్మా. నీళ్లు పోయడం వచ్చు కదా నీకు?"

"ఎన్ని సినిమాల్లో పోశానండీ" అంది అమ్మాజీ. సినిమాలో పోసినావిడకు ఇంట్లో పోయడం రాదా అనుకుని ఆయన మరో ప్రశ్న వేయలేదు. ఈ తెలివితక్కువతనం సినిమావాళ్లకు తప్ప ఇంకెవరికీ రాదు. ఊళ్లో గొడ్లు కాసుకునేవాణ్ణడిగినా చెప్పేవాడు.

అయినా నీళ్లు పోసే పని అమ్మాజీకి పడకుండానే ఏర్పాటు చేశాడు. పురుడు రోజు జగదాంబగారు వచ్చేలోపే తను స్నానం ముగించేస్తాడు. ఆవిడొచ్చేసరికి అమ్మాజీ పాపను ఒళ్లో పెట్టుకుని ఉయ్యాల పక్కన కూర్చుని ఉంటుంది. చాలు.

ఏనాడూ వేళకు రాని రైలు ఆ రోజే వేళకొచ్చింది. జగదాంబగారు అల్లం, శొంఠి, వాము నింపిన బుట్టతో రాళ్లెక్కి వచ్చేసరికి అండాలో నీళ్లు అప్పుడే కాగుతున్నాయి. కాశీవిశ్వనాథం లుంగీ పైకి కట్టుకుని పీట వేస్తున్నవాడల్లా పరుగున వంటింటి తలుపు చాటుకెళ్లాడు. అమ్మాజీ గుమ్మంలోకి ఎదురెళ్లింది.

"వచ్చావా తల్లీ. ఎన్ని పురుళ్లు పోసిన చేతులమ్మా ఇవి, నీ మనవరాలి ఒంటికి తగిలి ఇన్నాళ్లకు పావనమయ్యాయి" అని గొంతు జీరపోయేలా అంది. జగదాంబగారికి కళ్లు చెమర్చాయి. అమ్మాజీ గొప్ప నటి, అందులో అనుమానం లేదు.

"మంచి వేళకొచ్చాను పిన్నిగారూ. నీళ్లు కాగినట్టున్నాయి, కానివ్వండి. కళ్లారా చూస్తాను."

అమ్మాజీ మొహంలో రంగు పోయింది. అయినా కళాకారిణి, వెనక్కి తగ్గుతుందా. పీట మీద కూర్చుని కాళ్లు చాపింది. జగదాంబగారే నూనె రాసిన పాపను తెచ్చి ఆ కాళ్ల మీద పెట్టింది. పాప ఒక్కసారి కేరుమంది. అమ్మాజీ ఉలిక్కిపడి, చెంబు ముంచి, నీళ్లు సరాసరి మొహం మీద పోసింది. పాపకు ఊపిరాడలేదు, కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ జిడ్డు ఒంటితో పక్కకు జారింది. గదిలో బాల దగ్గరున్న మంజులత "బిడ్డ పైలం" అని అరుస్తూ పరుగెత్తుకొచ్చింది.

అంతకుముందే తలుపు తన్నుకుని వచ్చాడు కాశీవిశ్వనాథం. నేలను తాకకుండా పాపను అందుకున్నాడు. బోర్లా తిప్పి, వీపు నిమిరి, అది దగ్గి మళ్లీ గట్టిగా ఏడ్చేదాకా అలాగే పట్టుకున్నాడు. 

అమ్మాజీ లేచి నిలబడి నిజంగానే ఏడుస్తోంది. "నాకు పిల్లల్లేరు మాస్టారూ. సినిమాలో నీళ్లు పోసేటప్పుడు గుడ్డలో బొమ్ముంటుంది. ఇదిలా కదులుతుందనుకోలేదు."

 కాశీవిశ్వనాథం పీట మీద కూర్చున్నాడు. మంజులత దుప్పటి మడతపెట్టి ఆయన మోకాలి కింద పెట్టింది. ఆయన మోచేత్తో నీళ్లు చూసుకుని, పాపను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, మొహానికి అరచెయ్యి అడ్డుపెట్టి కొంచెం కొంచెంగా పోశాడు. సున్నిపిండి మెత్తగా రుద్దాడు. 'ఓహో నా తల్లి, అయిపోయింది నా తల్లి' అంటూ మెడ మడతల్లో, చంకల్లో కడిగాడు. పాప ఏడుపు మానేసి, ఆవలించి, కళ్లు మూసుకుంది. ఆయన తల ఎత్తలేదు.

"బుచ్చమ్మ లేదు చెల్లెమ్మగారూ. మొదట్నుంచీ పోస్తున్నది నేనే. మగాణ్ణని మీరు ఒప్పుకోరని అబద్ధమాడాను. నా అబద్ధం వల్ల ఇందాక పిల్లకి ఏమైనా అయ్యుంటే…" ఆగాడు. "మీరన్నమాటే సరైంది, తీసుకెళ్లండి. బట్టలు సర్దిస్తాను. ఈ నీళ్లు మాత్రం పూర్తి కానివ్వండి."

ఒళ్లు తుడిచి, గుడ్డలో చుట్టి మంజులతకు అందించాడు. గుమ్మంలో నిలబడ్డ బాల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జగదాంబగారు అక్కడే గడప మీద కూర్చుంది. 

"మా అమ్మ నా చిన్నప్పుడే పోయిందండీ. నా తొలి పురుడు అత్తారింట్లోనే అయింది. మా నాన్న చూడ్డానికొచ్చాడు. పురిటిగదిలోకి మగాళ్లు రాకూడదు కదా, అరుగు మీద కూర్చున్నాడు. మిఠాయి పొట్లం అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. కిటికీలోంచి వీపు కనిపించింది. నాన్నా, ఒక్కసారి లోపలికి రా అని పిలుద్దామనుకున్నాను. పిలవలేదు. ఆయనా రాలేదు." ఆవిడ కళ్లు తుడుచుకుంది. "తల్లి లేని పిల్లకి ఆడదిక్కుండాలనే తీసుకుపోతానన్నాను. తీసుకుపోతే దాని నాన్నా అరుగు మీదే మిగిలిపోయేవాడు."

"ఎప్పుడు బయల్దేరమంటారు అత్తయ్యగారూ?" అని అడిగింది బాల, చిన్న గొంతుతో.

"ఎక్కడికే?" అంది జగదాంబగారు. "మూడో నెల అంటే వానలు, చలి. పసిపిల్లతో ప్రయాణమేమిటి? ఐదో నెలకి పంపమను మీ నాన్నని."

శ్రీనగర్ కాలనీ అక్కడికి ఆటోలో కాసేపటి ప్రయాణమని ఎవరూ గుర్తుచేయలేదు. మంజులత గోడవైపు తిరిగి పాపకు సాంబ్రాణి పొగ చూపిస్తూ నవ్వుకుంది.

జగదాంబగారు సంచీలోంచి చీరా, రవికగుడ్డా తీసింది. పురుడు నాడు నీళ్లు పోసిన మనిషికి చీర పెట్టాలి. బుచ్చమ్మగారి కోసమని ఉప్పాడ నుంచి ప్రత్యేకంగా తెప్పించింది. అమ్మాజీ చెయ్యి అలవాటు మీద కొద్దిగా ముందుకొచ్చి, సిగ్గుపడి వెనక్కి పోయింది. ఆవిడ నేరుగా వెళ్లి, ఇంకా పీట మీదే కాళ్లు చాపుకుని కూర్చున్న వియ్యంకుడి ముందు వంగింది.

"వదినగారుంటే ఆవిడ చేతికిచ్చేదాన్ని. మీరు తీసుకోండి."

గ్లిజరిన్ లేకుండా జనాన్ని ఏడిపించే సినిమాలెన్నింటికో పనిచేసిన మనిషి, కళ్లనీళ్లు కారిపోతుంటే తుడుచుకోవడం కూడా తెలియక కూర్చున్నాడు. రెండు చేతులూ చాపాడు. మోచేతుల దాకా నీళ్లు కారుతున్నాయి.

"తడిసిపోతుంది చెల్లెమ్మగారూ" అన్నాడు.

"తడవనివ్వండి అన్నయ్యగారూ. నీళ్లు పోసినవాళ్ల చీర పొడిగా ఎలా ఉంటుంది" అంటూ ఆవిడ ఆ చీర ఆయన చేతుల్లో పెట్టింది.